ముందు ఉన్న గుర్రాలు లెక్కపెట్టుకో: పాత హాట్ హ్యాచ్‌కి పికప్ తెచ్చుకున్న నా అనుభవం

కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా తెరిచి ఉండే శంకువు ఆకారపు గాలి ఫిల్టర్) బిగించిన రోజు సాయంత్రం, నా కారు ఇదివరకటి కంటే వేగంగా పోతోందని ఎవరడిగినా ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఎక్సలేటర్ తొక్కితే టర్బో (ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పంకా) గాలి పీల్చే చప్పుడు, వదిలితే ఎవరో తుమ్మినట్టు ఇంకో చప్పుడు. వీపు సీటుకి అతుక్కుపోతున్నట్టే అనిపించింది. రెండు వారాల తర్వాత సరిగ్గా కొలిచి చూస్తే, పెరిగింది చప్పుడొక్కటేనని తేలింది.

హాట్ హ్యాచ్ అంటే చూడటానికి మామూలు చిన్న కారు, లోపల బలమైన ఇంజిన్. కారు పేరు రాయను. నేను పడ్డ తిప్పలు చాలావరకు దాని వయసు వల్ల వచ్చినవే, దానికి కంపెనీని అనడం న్యాయం కాదు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, డైరెక్ట్ ఇంజెక్షన్, ఆరు గేర్ల మాన్యువల్, పవర్ ముందు చక్రాలకు. క్యాటలాగ్ ప్రకారం 200 హార్స్ పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), సున్నా నుంచి 100కి 7.2 సెకన్లు. తెలిసినవాళ్ళు ఈపాటికే గుర్తుపట్టి ఉంటారు. నా చేతికొచ్చేసరికి దానికి పదిహేనేళ్ళు, మీటరు మీద లక్షా అరవై వేల కిలోమీటర్లు. ఏడు సెకన్ల లోపు రావాలి, కారు కొన్న డబ్బులో పావు వంతు మించి ఖర్చు కాకూడదు. ఇదీ నేను పెట్టుకున్న లక్ష్యం. మొదటిది నెరవేరింది. రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

మా ఇంట్లో కార్లన్నీ చూసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. కోన్ ఫిల్టర్ చూపించి, తర్వాత ఈసీయూ రీమ్యాప్ చేయించి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి) 250 హార్స్ పవర్ తెద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆయన బానెట్ మూసి, చేతులు తుడుచుకుంటూ ఒకటే అన్నారు: "200 గుర్రాల బండి అంటున్నావు కదరా. ముందు ఆ 200 ఉన్నాయో లేవో లెక్కపెట్టుకో. కొత్త గుర్రాల బేరం తర్వాత చూద్దాం."

లెక్కపెట్టడం ఎలా? డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కిస్తే చక్రాల దగ్గర ఎంత పవరుందో తెలుస్తుంది. కానీ నాకు కావలసింది పికప్. అందుకని సెకనుకు పదిసార్లు వేగం నమోదు చేసే చిన్న జీపీఎస్ పెట్టె ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు అదే. ఫోన్‌లో యాప్ చాలదా అంటే చాలదు. మామూలు ఫోన్ జీపీఎస్ సెకనుకు ఒకసారే కొలుస్తుంది. 100 దగ్గర కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది, ఆ సందులోనే నా తేడాలన్నీ దాక్కుంటాయి. డ్యాష్‌బోర్డు మీది మీటరును అసలే నమ్మకూడదు, అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది.

రేస్ ట్రాక్‌ని మామూలు కార్లకు తెరిచే రోజున వెళ్ళాను. రోడ్డు మీద ఈ పని చేయకండి. ప్రాణాల మాట అలా ఉంచినా, రోడ్డు మీద ఏ రెండు పరుగులూ ఒకేలా ఉండవు. సగం ట్యాంకు పెట్రోల్, టైర్లలో ఎప్పుడూ ఒకే గాలి, పోను మూడు పరుగులు, రాను మూడు. కంటికి సమతలంగా కనిపించే నేలకు కూడా వాలు ఉంటుంది కాబట్టి రెండు వైపులా పరిగెత్తించి సగటు తీసుకోవాలి. ఇంకో కిటుకు కూడా ఉంది. కొంతమంది చెప్పే అంకెల్లో మొదటి అడుగు దూరానికి పట్టిన సమయం కలపరు. దాన్ని రోల్‌ఔట్ అంటారు. ఆ అడుగుకే 0.2 నుంచి 0.3 సెకన్లు పోతుంది. మీ అంకెను వేరేవాళ్ళ అంకెతో పోల్చుకుని బాధపడే ముందు ఇది కనుక్కోండి.

నాకొచ్చింది 8.6 సెకన్లు. కోన్ ఫిల్టర్ తీసేసి, కంపెనీ ఇచ్చిన పాత ఫిల్టర్ పెట్టె మళ్ళీ బిగించి పరిగెత్తిస్తే 8.5. ఆ 0.1 తేడా నా కాలు క్లచ్ వదిలే తేడాలోనే కలిసిపోతుంది, కాబట్టి ఫిల్టర్ చెడ్డదని కూడా అనలేను. కానీ బానెట్ కింద వేడి గాలి పీల్చే చోట దాన్ని పెట్టి లాభం ఆశించడం నా తెలివితక్కువ. ఆగి ఆగి నడిపినప్పుడు ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత కోన్‌తో బయటి గాలి కంటే 25 డిగ్రీలు ఎక్కువ చూపించింది, పాత పెట్టెతో 14. తర్వాత దాన్ని అమ్మేశాను. కొనడానికొచ్చిన కుర్రాడు "పికప్ పెరుగుతుందా అన్నా?" అని అడిగాడు. చప్పుడు బాగుంటుందని చెప్పాను. నవ్వి తీసుకెళ్ళాడు. ఆ డబ్బుతో స్పార్క్ ప్లగ్‌లు వచ్చాయి.

సున్నా నుంచి 100తో పాటు ఇంకొకటి కూడా కొలిచాను: నాలుగో గేరులో 80 నుంచి 120 వరకు. గేరు మార్చక్కర్లేదు, టైర్లు జారవు, నా చేతివాటంతో పని లేదు. ఇంజిన్ ఆరోగ్యం గురించి నిజం చెప్పేది ఈ రెండో అంకే. 7.4 సెకన్లు వచ్చింది. ఆరు చుట్టుపక్కల రావాలి.

ఇంటికొచ్చి ఒక లెక్క వేశాను. నాతో కలిపి కారు సుమారు 1,400 కిలోలు. దాన్ని గంటకు 100 కిలోమీటర్ల వేగానికి తేవడానికి కావలసిన శక్తి దాదాపు 540 కిలోజౌళ్ళు. స్కూల్లో చదివిన సూత్రమే, సగం ద్రవ్యరాశి ఇంటూ వేగం స్క్వేర్. దాన్ని 8.6 సెకన్లతో భాగిస్తే సగటున 63 కిలోవాట్లు, అంటే 85 హార్స్ పవర్. కొత్త కారు 7.2లో పోయినప్పుడు కూడా ఈ సగటు 102 దగ్గరే ఆగుతుంది. 200 గుర్రాల్లో సగం గాలిని తొయ్యడానికి, గేర్‌బాక్స్ రాపిడికి, గేరు మార్చే ఖాళీకి, టర్బో మేలుకునేదాకా ఎదురుచూడటానికి, ఉత్తినే తిరిగే టైర్లకు పోతున్నాయన్నమాట. నా కారులో ఇంకో పదిహేడు ఎక్కడో తప్పిపోయాయి. బాబాయ్ మాట అప్పుడు బుర్రకెక్కింది.

తప్పిపోయినవాటిని వెతకడానికి ల్యాప్‌టాప్, దాన్ని కారు కంప్యూటర్‌కి కలిపే ఓబీడీ కేబుల్ ఒకటి చాలు. నాలుగో గేరులో 2,000 ఆర్పీఎం నుంచి ఫుల్లుగా తొక్కి, ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్ రెండూ రికార్డు చేశాను. అడిగింది 1.8 బార్, వచ్చింది 1.5. ఇందులో బయటి వాతావరణ పీడనం 1 బార్ కలిసి ఉంటుంది కాబట్టి, టర్బో అదనంగా ఇవ్వాల్సిన 0.8లో 0.5 మాత్రమే ఇస్తోంది. అయితే టర్బో అరిగిపోయి ఉండాలి, లేదా తయారైన గాలి దారిలో ఎక్కడో పోతుండాలి. మొదటిదైతే నా బడ్జెట్ అక్కడితో సరి. కాబట్టి రెండోదే అయి ఉండాలని కోరుకుంటూ మొదలుపెట్టాను.

గాలి లీకు వెతికే పద్ధతి సైకిల్ ట్యూబు పంక్చర్ వెతకడం లాంటిదే. టర్బోలోకి గాలి వెళ్ళే రబ్బరు గొట్టం మూతికి సరిపడే ప్లాస్టిక్ పైపు మూత ఒకటి తీసుకుని, దానికి బెజ్జం పెట్టి, పాత ట్యూబు వాల్వ్ ఒకటి అతికించాను. గొట్టానికి ఆ మూత బిగించి, ఆయిల్ పోసే మూత తీసి పక్కన పెట్టి (లేకపోతే ఆ ఒత్తిడి ఇంజిన్ లోపలి సీళ్ళ మీద పడుతుంది), కంప్రెసర్‌తో మెల్లగా 0.7 బార్ వరకు గాలి పెట్టాను. సబ్బు నీళ్ళ సీసా పట్టుకుని ఒక్కొక్క జాయింటూ తడుపుకుంటూ పోయాను. పైన ఏమీ లేదు. జాకీ వేసి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరాను. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) నుంచి పైకి వెళ్ళే హోస్ పైపు దగ్గర, క్లాంపు కింద, చిటికెన వేలంత మేర నురగ కట్టింది. ముందు ఒక బుడగ, దాని పక్కన ఇంకోటి, ఆ తర్వాత గుంపుగా పుట్టుకొచ్చి గడ్డంలా వేలాడాయి. ఆ నురగ చూసి నేలమీద పడుకునే నవ్వుకున్నాను. పైపు బాగానే ఉంది. లోపలి రబ్బరు రింగు గట్టిపడి, చదునైపోయింది. వక్కపలుకంత బరువు కూడా లేని రింగు.

రెండో దొంగ బయటికి కనబడలేదు. ఎక్సలేటర్ వదిలినప్పుడు టర్బో దగ్గర ఎక్కువైన గాలిని వెనక్కి మళ్ళించే డైవర్టర్ వాల్వ్ ఒకటి ఉంటుంది. నా కారులో అది రబ్బరు పొరతో చేసింది. విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే పొరలో అర్ధచంద్రాకారంలో చీలిక. లీకైన గాలి బయటికి పోదు, మళ్ళీ టర్బో ముందుకే వెళుతుంది. అందుకే సబ్బు నీళ్ళకు దొరకలేదు. పొర బదులు పిస్టన్ ఉండే రకం వేశాను. మూడు బోల్టుల పని, కాకపోతే మోచేయి దూరని చోట. ఐడిల్‌లో (కారు ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోల్ కొలతలో ఈసీయూ చేసే సవరింపు, ప్లస్ 8 శాతం చూపిస్తుండేది. అది ఇంజిన్ పొగను లోపలికి తీసుకునే చిన్న వాల్వ్ పగిలి, లెక్కలోకి రాని గాలి దూరడం వల్ల. అదీ మార్చాను.

ప్లగ్‌ల గురించి రెండు మాటలు చాలు: కొత్తవి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. టర్బో ఒత్తిడిలో స్పార్క్ దూకడం కష్టం, గ్యాప్ ఎక్కువుంటే పై ఆర్పీఎంలో మిస్‌ఫైర్ వస్తుంది.

ఇక కార్బన్. దీని గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే రెండు ఆదివారాలు దీనికే పోయాయి. పాత పద్ధతి ఇంజిన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ (సిలిండర్‌లోకి గాలిని వదిలేది) వెనక పడి, పోతూ పోతూ దాన్ని కడుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్ళిపోతుంది, వాల్వ్ వీపుకి ఆ స్నానం ఉండదు. ఇంజిన్ పొగతో వచ్చే నూనె ఆవిరి వేడి వాల్వ్ మీద పడి మాడి, ఏళ్ళ తరబడి పొర మీద పొర కడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) విప్పి టార్చి వేసి చూస్తే వాల్వ్ కాడ కనబడటం లేదు. దాని చుట్టూ తారు గడ్డకట్టినట్టు నల్లగా, గరుకుగా ఉంది. గాలి వెళ్ళే దారిలో మూడో వంతు మూసుకుపోయి ఉంటుందని నా అంచనా. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేసే మెషిన్లు ఉన్నాయి. ఒకే రోజులో అయిపోతుంది. నా బడ్జెట్ దానికి ఒప్పుకోలేదు.

చేత్తో చేసే పద్ధతి ఇది. క్రాంక్ బోల్టుకి పానా వేసి ఇంజిన్ మెల్లగా తిప్పుతూ, ఒక సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్‌లు రెండూ పూర్తిగా మూసుకునేదాకా తేవాలి. ఇది తప్పితే అంతా తప్పినట్టే, ఒక్క గడ్డ సిలిండర్‌లోకి పడిందా గోడలు గీసుకుపోతాయి. ఆ గుంటలో కార్బ్యురేటర్ క్లీనర్ నింపి అరగంట ఆగాలి. ఇత్తడి బ్రష్, వంచిన పిక్ పట్టుకుని గీకాలి. నల్లటి నీళ్ళు సిరంజీతో లాగేయాలి, గుడ్డతో తుడవాలి. మళ్ళీ నింపాలి. ఒక్కో సిలిండర్‌కి ఐదారుసార్లు. నాలుగోసారికి మొదటి వాల్వ్ మీద లోహం తళుక్కుమంది. అది చూసిన ఉత్సాహంలో మిగతావి కూడా అలాగే వస్తాయనుకున్నాను. మూడో సిలిండర్ నా సరదా తీర్చేసింది. పిక్ మొన విరిగి గుంటలో పడింది. వాల్వ్‌లు మూసి ఉన్నాయి కాబట్టి అయస్కాంతం పుల్లతో తీయగలిగాను. ఆ పది నిమిషాల టెన్షన్ నాకు మాత్రమే తెలుసు. బిగించేటప్పుడు మానిఫోల్డ్ గ్యాస్కెట్ కొత్తది వేయండి, పాతదాన్ని మళ్ళీ వాడి ఇంకో లీకు తెచ్చుకోకండి.

ఎలాగూ ఇక్కడిదాకా వచ్చాను కదా అని హై ప్రెషర్ పెట్రోల్ పంప్ విప్పాను. ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌కీ పంప్‌కీ మధ్య చిన్న గిన్నెలాంటి ఫాలోయర్ ఉంటుంది. దాని మీద నల్లటి గట్టి పూత ఉండాలి. నా దాంట్లో మధ్యలో పూత పోయి తెల్లటి ఉక్కు గుండ్రంగా మెరుస్తోంది. ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేస్తే చిల్లు పడి, పంప్‌నీ క్యామ్‌నీ కూడా తినేసేది. భాగం చాలా చవక, మూడు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. రీమ్యాప్ చేయించాలనుకునేవాళ్ళు ముందు దీన్ని చూసుకోండి. నేను వారం ముందు రీమ్యాప్‌కి టోకెన్ కట్టబోయి ఆగినవాణ్ణి.

ఇవన్నీ అయ్యాక మళ్ళీ ట్రాక్. నాలుగో గేరులో 80 నుంచి 120కి 6.1 సెకన్లు. తప్పిపోయిన గుర్రాలు తిరిగొచ్చాయి. కానీ సున్నా నుంచి 100 ఇంకా 7.7 దగ్గరే ఉంది. ఇంజిన్ కొత్తదానిలా లాగుతోంది, కారు మాత్రం కొత్తదానిలా బయల్దేరడం లేదు.

కారణం టైర్ల మీదే రాసి ఉంది. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. నా ముందు టైర్లకు ఏడేళ్ళు నిండాయి. గాడులు ఇంకా ఉన్నాయని సంతోషపడ్డాను గానీ, రబ్బరు గోటితో నొక్కితే దిగడం లేదు. ముందు చక్రాలతో నడిచే కారుకి పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది. వేగం పుంజుకునేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, లాగాల్సిన చక్రాల మీద బరువు తగ్గుతుంది. నా కారు కొలతలతో లెక్కేస్తే, గట్టిగా బయల్దేరినప్పుడు మొత్తం బరువులో పదో వంతు దాకా ముందు నుంచి వెనక్కి పోతోంది. అంటే మొదటి గేరులో ఎంత పవరుందన్నది అనవసరం, టైరు ఎంత పట్టుకుంటుందన్నదే లెక్క. కొత్త టైర్లు నాలుగూ వేశాను, అదే సైజు, మెత్తటి రబ్బరు రకం.

పట్టు రాగానే ఇంకో రోగం బయటపడింది. బయల్దేరేటప్పుడు ముందు చక్రాలు దడదడమని ఎగిరెగిరి పడుతున్నాయి, స్టీరింగ్ చేతుల్లో కొట్టుకుంటోంది. దీన్ని వీల్ హాప్ అంటారు. బాబాయ్ కింద దూరి, ఇంజిన్‌ని ఛాసిస్‌కి కలిపే కింది మౌంటింగ్‌ని సబ్బల్‌తో కదిపి చూపించారు. బుష్‌లో రబ్బరు పగిలి, వేలు దూరేంత సందు. తొక్కినప్పుడల్లా ఇంజిన్ మొత్తం వెనక్కి ఊగి, మళ్ళీ ముందుకొచ్చి, చక్రాలను కుదిపేస్తోంది. కొత్త బుష్, దాని సందుల్లో పాలీయురిథేన్ ముక్క పెట్టాం. హాప్ పోయింది. ఐడిల్‌లో సీటు కింద చిన్న వణుకు వచ్చి చేరింది. మా ఇంట్లోవాళ్ళకి ఆ వణుకు నచ్చలేదు, నేను విననట్టు నటిస్తున్నాను.

7.2. పదిహేనేళ్ళ కారు క్యాటలాగ్ అంకె అందుకుంది. ఇంతవరకు కొత్తగా ఒక్క హార్స్ పవర్ కూడా కలపలేదు, ఖర్చు బడ్జెట్‌లో సగం దాటలేదు. నిజానికి ఇక్కడ ఆగిపోయి ఉండాల్సింది.

బరువు సంగతి కొంచెం. 1976లో వచ్చిన మొదటి గోల్ఫ్ జీటీఐకి ఉన్నది 110 హార్స్ పవరే. సుమారు 810 కిలోల బరువు కాబట్టే దాన్ని జనం అంతగా ముద్దు చేశారు. నా కారు బరువు దానికి ఒకటిన్నర రెట్లకు పైనే. వెనక సీటు, స్టెప్నీ, జాకీ తీసేస్తే యాభై కిలోల పైచిలుకు తగ్గుతుంది, అంటే నాలుగు శాతం, పావు సెకను. ట్రాక్‌కి వెళ్ళేటప్పుడు స్టెప్నీ తీస్తాను, సీటు జోలికి పోలేదు. ఇంకో అపోహ ఉంది: చక్రంలో కిలో తగ్గితే కారులో ఎనిమిది కిలోలు తగ్గినట్టే అని. ఎనిమిది కాదు. సరిగ్గా అంచున ఉన్న కిలో కూడా రెండు కిలోలకు మించి లెక్కకు రాదు. తేలిక చక్రాలు గుంతల్లో సుఖంగా ఉంటాయి, చూడటానికి బాగుంటాయి. పికప్ కోసమని కొనొద్దు.

రీమ్యాప్‌కి ముందు కంప్రెషన్ (సిలిండర్లలో పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి) చూశాం, నాలుగు సిలిండర్లూ 11, 12 బార్ మధ్య ఉన్నాయి. టైమింగ్ బెల్ట్ మార్చిన కాగితం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చి పాడవుతుంది కాబట్టి మొత్తం మార్చి, ముందు ప్యాడ్లు కొత్తవి వేశాం. క్యాటలిస్ట్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసేది) తీసేస్తే ఇంకా బాగా లాగుతుందని ఒకరిద్దరు చెప్పారు, ఆ మాట వినలేదు. పొగ పరీక్షలో తప్పి, కారు మూలన పడేసుకోవడం నాకిష్టం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పుల సంగతి రాసి పంపాను.

రీమ్యాప్ చేసినాయన ముందే అడిగాడు: "క్లచ్ వేసి ఎన్నాళ్ళైంది సార్?" బాగానే ఉందండీ అన్నాను. నిజంగానే బాగుంది, 280 న్యూటన్ మీటర్లకు. కొత్త మ్యాప్ 360 ఇచ్చింది. మొదటి రోజే, నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ తొక్కాను. ఆర్పీఎం ముల్లు 3,200 నుంచి 4,100కి ఎగిరింది. కారు వేగం మాత్రం అంతే ఉంది. ఒక్క క్షణం గేరు జారిందేమో అనుకున్నాను. తర్వాత కిటికీలోంచి కాలిన వాసన వచ్చింది, బ్రేకులు మాడినప్పుడు వచ్చేలాంటిది, ఇంకాస్త పుల్లగా. కాలు తీసేసి, బుద్ధిమంతుడిలా యాభైలో ఇంటికి చేరాను. కొత్త గుర్రాలన్నీ క్లచ్ ప్లేట్ మీద జారిపడ్డాయి.

నా బడ్జెట్ అక్కడ పోయింది. క్లచ్ సెట్ కంటే గేర్‌బాక్స్ దించి ఎక్కించే పని పెద్దది. అది ఒకసారి దించాక రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్ మార్చకుండా ఎక్కిస్తే బాబాయ్ నన్ను గ్యారేజీకి రానివ్వరు. ఇదే ఇంజిన్ కుటుంబంలో ఎక్కువ టార్క్ ఉన్న మోడల్‌కి వాడే ప్రెషర్ ప్లేట్, క్లచ్ ప్లేట్ వేశాం. ఫ్లైవీల్ ఆట హద్దులోనే ఉందని దాన్నే ఉంచాం. అన్నీ కలిపితే అంతవరకు పెట్టిన మొత్తం ఖర్చుకి ఈ ఒక్కటే సమానమైంది. క్లచ్ ముందు వేసి రీమ్యాప్ తర్వాత చేయించి ఉంటే డబ్బు మిగిలేదా? మిగిలేది కాదు. కానీ ముందే లెక్క తెలిసుంటే బహుశా 7.2 దగ్గరే తృప్తిపడి ఉండేవాణ్ణి.

రీమ్యాప్ చేసినాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మధ్య ఆర్పీఎంలో టార్క్‌ని 340కి కుదించమన్నాను. కాగితం మీద తగ్గినట్టు కనబడుతుంది గానీ, మొదటి రెండు గేర్లలో ఆ అదనపు టార్క్ టైర్లను తిప్పడానికే పోతోంది. పైగా తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ బూస్ట్ పడితే కనెక్టింగ్ రాడ్ల మీద భారం. పై ఆర్పీఎంలో పవర్ అలాగే ఉంచాడు. పెట్రోల్ మాత్రం ఎక్కువ ఆక్టేన్‌ది వాడాలి. ఒకసారి కుతూహలం కొద్దీ మామూలుది పోసి లాగ్ తీశాను. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) పసిగట్టే సెన్సర్ భయపడి ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ ఇచ్చే క్షణాన్ని, నాలుగు డిగ్రీలు వెనక్కి లాగేసింది. రీమ్యాప్‌కి కట్టిన డబ్బులో కొంత ఆ ట్యాంకులోనే కలిసిపోయినట్టు లెక్క.

మిగిలింది నా చేతులూ కాళ్ళూ. 2,500 ఆర్పీఎం దగ్గర పట్టి, క్లచ్ ఒక్కసారిగా కాకుండా కారు ఒక మీటరు దూరం పోయేలోగా మెల్లగా వదిలితే నాకు బాగా కుదిరింది. చిన్న టర్బో కాబట్టి 6,000 దాటాక ఊపిరి సన్నబడుతుంది, ఎర్ర గీత దాకా లాగడం దండగ. ఒక్క రెండో గేరు మాత్రం మినహాయింపు. ఆ గేరు 98 దగ్గర అయిపోతుంది! మిగిలిన రెండు కిలోమీటర్ల కోసం మూడో గేరు వేయాలి, అర సెకను దాకా పోతుంది. సున్నా నుంచి 100 అనే అంకె మీద నాకున్న గౌరవం అక్కడే సగం పోయింది. నాలుగో గేరులో 80 నుంచి 120 ఇప్పుడు 4.8 సెకన్లు. రోడ్డు మీద లారీని దాటేటప్పుడు తెలిసేది ఆ తేడాయే.

చివరి ట్రాక్ రోజున సగటు 6.5. అదీ మొదటి రెండు పరుగులకే. మూడోదానికి 6.8, ఐదోదానికి 7.0. ఇంటర్‌కూలర్ వేడెక్కి, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి 58 డిగ్రీలకు చేరింది. వేడి గాలికి నాకింగ్ భయం ఎక్కువ కాబట్టి ఈసీయూ మళ్ళీ టైమింగ్ తగ్గిస్తుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు నిలబెడితే మళ్ళీ 6.6. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే పోతుందిట. సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఆ రోజు బాబాయ్ కూడా వచ్చారు. ఆఖరి పరుగుకి పక్కన కూర్చోబెట్టుకుని, నా శాయశక్తులా బయల్దేరి, మూడో గేరు దాకా లాగి, బ్రేకు వేసి ఆపాను. పెట్టె 6.6 చూపిస్తోంది. ఎలా ఉందన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన మీటరు చూడటం లేదు, చెవి కింది వైపు పెట్టి వింటున్నారు.

"రెండో గేరులో ఏదో చిటచిటమంటోంది, వినబడలేదా నీకు? సైలెన్సర్ దగ్గర హీట్ షీల్డ్ వదులైనట్టుంది. రేపు పొద్దున్నే తీసుకురా."